ఇద్దరికీ ఒకే గది

"ఇద్దరికండీ… ఒకే గది చాలు. కాకపోతే ఒక్క మాట… ఇంటి నంబరుకి మాత్రం ఫోన్ చెయ్యకండి!"

హెడ్‌ఫోన్లో ఆ గొంతు వినగానే మైథిలి చేతిలోని పెన్ను జారి కింద పడింది. ఆ గొంతు… 'కాకపోతే ఒక్క మాట' అంటూ సాగదీసే ఆ తీరు… పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ కాఫీ గ్లాసు అందిస్తూ వింటున్న గొంతు! తన భర్త కృష్ణచైతన్య గొంతు!

మైథిలి తెనాలిలో ఇంట్లోనే కూర్చుని హైదరాబాదులోని ఒక కాల్ సెంటర్‌కి పనిచేస్తుంది. రకరకాల ట్రావెల్ కంపెనీలకు వచ్చే ఫోన్లన్నీ ఆ కాల్ సెంటరే చూస్తుంది. కొత్తగా చేరిన అమ్మాయిలు కస్టమర్లతో మర్యాదగా మాట్లాడుతున్నారో లేదో రికార్డింగులు విని మార్కులు వెయ్యడం ఆమె పని. ఈమధ్య వచ్చే ఫోన్లన్నీ ఒకే ప్రకటన గురించి. 'పోర్చుగల్ దక్షిణ తీరంలో ఎండ, ఇసుక, సముద్రం! సీజన్ కాని రోజుల్లో సగం ధరకే!' కొత్తగా పెళ్ళయిన జంటలూ, రిటైరైన దంపతులూ ఎంతమంది అడిగారో! వాళ్ళ సంబరం వింటూ మైథిలి తనలో తనే నవ్వుకునేది. ఈరోజు ఆ నవ్వంతా ఆవిరైపోయింది.

రికార్డింగును వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది.

"పేర్లు చెప్తారా సార్?" అంటోంది అవతల బిందుమాధవి అనే కొత్తమ్మాయి.

"రాసుకోండి. కృష్ణచైతన్య. ఇంకొకరు… చంద్రకళ."

"చంద్రకళ గారు మీ మిసెస్సా అండీ?"

ఎవరైనా వింటారేమోనన్నట్టు తగ్గించిన గొంతుతో… "కాదండి. మావాళ్ళే. ఆవిడ కాగితాలేమైనా పంపాలంటే రేపల్లె అడ్రసుకి పంపండి. ఐస్ ఫ్యాక్టరీ వెనక సందు."

మైథిలి హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. హాల్లో అత్తగారు దుర్గాంబ గోరుచిక్కుళ్ళు ఒలుస్తూ ఏదో స్తోత్రం చదువుకుంటోంది. వీధిలో కూరగాయల బండివాడు కేకేస్తున్నాడు. లోకమంతా ఎప్పట్లాగే ఉంది. తన సంసారం ఒక్కటే తలకిందులైపోయింది! చంద్రకళ… ఎవరీ చంద్రకళ? పెళ్ళయిన కొత్తలో సూర్యలంక తీసుకెళ్ళమని ఎంత బతిమాలింది! తెనాలి వాళ్ళందరూ ఆదివారం వస్తే టిఫిన్ డబ్బాలు కట్టుకుని ఆ బీచ్‌కి పోతారే! ఉద్యోగం బాపట్లలోనే కదా, కాలేజీ నుంచి ఆటో ఎక్కితే సముద్రమే కదా! అయినా 'నాకు ఉప్పుగాలి పడదు మైథిలీ' అని ఒక్కసారైనా తీసుకెళ్ళలేదు. అలాంటి మనిషి ఇప్పుడు దేశాలు దాటి సముద్రం ఒడ్డుకి… ఎవరితోనో… ఒకే గదిలో…!

ఆ సాయంత్రం బాపట్ల నుంచి రైలు దిగి అతను ఇంటికి వచ్చేసరికి మైథిలి మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, ఏమీ ఎరగనట్టు వడ్డించింది. ఏడిస్తే అతను జాగ్రత్తపడతాడు. అడిగితే అబద్ధం చెబుతాడు. ముందు చూడాలి… గమనించాలి…

"ఏవండీ, ఈసారి సెలవుల్లో మనం ఎక్కడికైనా వెళ్దామా? ఏదైనా బీచ్‌కి…" అంది చారు పోస్తూ.

అన్నం కలుపుతున్న అతని చెయ్యి ఆగిపోయింది. "బీచ్‌కా? ఇప్పుడెందుకు? నవంబర్లో నాకు ఢిల్లీలో ట్రైనింగ్ ఉంది. వారం రోజులు పడుతుంది. తర్వాత చూద్దాంలే."

ఢిల్లీ! ఎంత తేలిగ్గా అనేశాడు! ఆ రికార్డింగులో నవంబరు తేదీలు తన చెవులతో తను విన్నది. కన్నీళ్ళు తన్నుకొస్తుంటే గిన్నె తీసే వంకతో మైథిలి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచీ ఆమెకు ప్రతిదీ అనుమానమే! అతను ఫోన్ బోర్లించి పెడితే అనుమానం. పెరట్లోకి వెళ్ళి మాట్లాడితే అనుమానం. ఆదివారాలు రేపల్లెలో స్పెషల్ క్లాసులంటూ వేసవి నుంచీ వెళ్తున్నాడు. ఆదివారం పూట చదువుకునే పిల్లలెవరు? ఒక సోమవారం బట్టలు నానబెడుతూ అతని చొక్కా ముక్కుకి దగ్గరగా పెట్టుకుంది. సెంటు వాసనో, మల్లెపూల వాసనో తగులుతుందని భయపడింది. తగిలింది మాత్రం ఎండుచేపల వాసన! నీచు అన్న మాటే ఎరగని ఇంట్లో… ఆయన చొక్కాకి ఎండుచేపల వాసనా?

వెనక నుంచి చల్లగా అత్తగారి మాట వినిపించింది. "ఆ చొక్కా విడిగా నానబెట్టు అమ్మాయ్."

మైథిలి ఉలిక్కిపడి తిరిగి చూసింది. దుర్గాంబ గుమ్మంలో నిలబడి ఉంది. ఎందుకు విడిగా అని చెప్పలేదు. ఆ వాసన ఎక్కడిదని అడగలేదు. పక్కింటి వాళ్ళు ఉల్లిపాయ తరిగితేనే కిటికీ మూసే మనిషి, కొడుకు చొక్కాకి చేపల వాసనొస్తే ఒక్క ప్రశ్నా వెయ్యలేదేం? అంటే… అత్తయ్యకి తెలుసా? తల్లీకొడుకులిద్దరూ కలిసి తన దగ్గర దాస్తున్నారా? 'నా కూతురు లేని లోటు తీర్చావే' అంటూ తల నిమిరే చెయ్యి కూడా అబద్ధమేనా? భర్త మోసం చేస్తే అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని ఏడవచ్చు. ఆ ఒళ్ళు కూడా తనది కాకపోతే… ఇంక ఎవరి దగ్గర ఏడవాలి?

తర్వాతి ఆదివారం అతను రేపల్లె రైలెక్కాడని నిశ్చయం చేసుకున్నాక మైథిలి చీర మార్చుకుని బయల్దేరింది.

"ఎక్కడికే?" అంది దుర్గాంబ.

"వేమూరులో మా ఫ్రెండు ఇంటికండీ, అత్తయ్యా."

దుర్గాంబ కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. "వేమూరు దాకానేనా?"

మైథిలి గబగబా మెట్లు దిగేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుందేగానీ వేమూరు ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు. కాలువల వెంట పచ్చటి పొలాలు పరిగెడుతుంటే ఆమె కళ్ళముందు మాత్రం ఒకే బొమ్మ… నీలంగా మెరిసే సముద్రం, ఇసుకలో రెండు కుర్చీలు, ఒక దాంట్లో తన భర్త, పక్కదాంట్లో నవ్వుతూ మొహం తెలియని ఒక ఆడది! 'ఇవాళ ఆ మొహమేదో చూసేస్తాను. చూసి, ఆయన చేత్తో కట్టిన తాళి ఆయన ముందే పెట్టి వచ్చేస్తాను' అని పళ్ళబిగువున అనుకుంది.

ఐస్ ఫ్యాక్టరీ వెనక సందు ఇరుకుగా ఉంది. చివరి రేకుల ఇంటి గుమ్మం ముందు అతని చెప్పులు! పోయిన దీపావళికి తనే కొనిచ్చిన చెప్పులు! అరుగు మీద చాపలో సావిడాయి చేపలు ఎండుతున్నాయి. లోపల్నుంచి అతని మాట వినిపించింది.

"భయపడొద్దు. నేనున్నానుగా. ఇంకోసారి చెప్పు… ఆ దేశం ఎందుకు వెళ్తున్నారని అడిగితే ఏం చెప్పాలి?"

"సెలవులకని."

"సెలవులకి వెళ్ళి?"

"బీచ్ చూడ్డానికని…" ఆ గొంతు ఆగిపోయింది. వయసు మళ్ళిన గొంతు. ఒక్కసారిగా బావురుమంది. "పుట్టిందీ పెరిగిందీ సముద్రం ఒడ్డునే కదా బాబూ! నేను బీచ్ చూడ్డానికి పోతున్నానంటే ఎవరు నమ్ముతారయ్యా? నా బిడ్డని చూడ్డానికి పోతున్నానని చెప్పకూడదా?"

"ఊరుకో పిన్నీ… ఆ మాట చెబితే సవాలక్ష కాగితాలు అడుగుతారు. వాడికీ నాకూ ఏం సంబంధమంటే ఏం చూపించను?"

పిన్నీ! మైథిలి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. అతని తల్లికి చెల్లెళ్ళు లేరు. మరి ఈ పిన్ని ఎవరు? తలుపు తోసింది. లోపల నేలమీద పీటేసుకుని తన భర్త. ఎదురుగా నెరిసిన జుట్టుతో, ఉప్పుకి పగిలిన చేతులతో ఒక ముసలమ్మ. ఇద్దరూ బిత్తరపోయి చూశారు.

"మైథిలీ!… నువ్వు… ఇక్కడికి ఎలా…"

మైథిలి అతనికేసి చూడలేదు. ఆమె చూపు గోడమీద ఫొటోకి అతుక్కుపోయింది. బంతిపూల దండ వెనక ఎవరో కుర్రాడు నవ్వుతున్నాడు. వెనక పసుపురంగు కొండరాళ్ళూ, నీలి సముద్రమూ… రోజూ కంపెనీ ప్రకటనలో తను చూసే తీరం! ఆ కుర్రాడి ముక్కు, వెడల్పాటి నుదురు, కొంచెం ముందుకి వచ్చిన చెవులు… తెనాలిలో తమ హాల్లో పటంగా వేలాడుతున్న మామగారు వేంకటసుబ్రహ్మణ్యం గారివే!

"ఎవరితను?" అంది.

"నా తమ్ముడు మైథిలీ. ప్రేమ్‌కుమార్."

ఆ చిన్న గదిలో, చంద్రకళ మొహం గోడవైపు తిప్పుకుని ఏడుస్తుంటే, కృష్ణచైతన్య అంతా చెప్పాడు. నాన్న నిజాంపట్నం హైస్కూల్లో హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో వారమంతా అక్కడే ఉండి శనివారం తెనాలి వచ్చేవారు. మొగుణ్ణి సముద్రంలో పోగొట్టుకుని చేపలు ఎండబెట్టుకుంటూ బతికే చంద్రకళ ఆయన జీవితంలోకి అలా వచ్చింది. ఆ సంగతి తెనాలికి తెలిసింది నాన్న పోయిన రోజునే. ఆమె పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వస్తే అమ్మ ఆఖరి చూపు కూడా చూడనివ్వలేదు. 'ఆ గడప తొక్కితే నా శవం చూస్తావు' అని కొడుకు చేత పాడె దగ్గరే ఒట్టు వేయించుకుంది.

"వాడు బతికుండగా ఈ గడప తొక్కలేదు మైథిలీ. వాడు పోర్చుగల్ వెళ్ళి ఆ తీరంలో ఒక హోటల్లో పనికి కుదిరాక, వాడే ఫోన్ చేసేవాడు. 'అన్నయ్యా, ఇక్కడ చలికాలం గదులన్నీ ఖాళీ, చవగ్గా ఇస్తారు, వదిన్ని తీసుకుని రా' అనేవాడు. నీ గురించి ఎన్ని అడిగేవాడో! ఒకరోజు పనిలోనే తలనొప్పి అని కూర్చుని… అలాగే పోయాడు. తోటి పనివాళ్ళు అక్కడే మట్టిలో పెట్టారు. ఆ జాగా శాశ్వతం కాదట. కొన్నేళ్ళయితే ఎముకలు తీసి వేరే అరలో పెడతారట. ఈలోపు ఒక్కసారి చూపించమని పిన్ని అడిగింది. మామూలుగా వెళ్ళే తాహతు నాకెక్కడిది? ఈ బీచ్ సెలవుల ప్యాకేజీ ఒక్కటే అందుబాటులో కనిపించింది… అందుకే…"

మైథిలి గుండెలమీంచి ఒక బండ దిగింది. దాని చోట్లో ఇంకో బరువు వచ్చి కూర్చుంది. "నాకెందుకు చెప్పలేదు? నేను మీకు పరాయిదాన్నా?" అంది కన్నీళ్ళతో.

"నువ్వూ అమ్మా ఒకే ప్రాణంగా ఉంటారు. నీ చేత అమ్మకి అబద్ధం చెప్పించడం ఇష్టం లేకపోయింది."

చంద్రకళ అప్పుడు లేచి నిలబడింది. మైథిలిని ముట్టుకోవాలా వద్దా అన్నట్టు చెయ్యి చాపి వెనక్కి తీసుకుంది. "నా మూలాన నీ కాపరంలో మంట పెట్టుకోకమ్మా. టిక్కెట్టు ఆపించెయ్యండి. నా బిడ్డ సంగతి ఆ సముద్రానికి తెలుసు. ఈడ ఒడ్డున కూర్చుని ఏడుస్తాలే!"

ఆ మాటతో మైథిలి కరిగిపోయింది. ముందుకి వచ్చి ఆ పగిలిన చేతుల్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. "ఆపించొద్దు. ఈయన బదులు మీతో నేను వస్తాను. మగవాడితో ఒకే గదిలో మీకూ ఇబ్బంది. వీసా వాళ్ళకి నిజమే చెబుదాం. బిడ్డ సమాధి చూడాలనే తల్లిని ఎవరు కాదంటారో చూద్దాం. ఒకటే… అత్తయ్యకి కూడా నిజమే చెబుతాను."

తిరుగు రైల్లో భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చున్నారు. అతను భయంతో, ఆమె ఆలోచనతో. వాళ్ళు ఇల్లు చేరేసరికి దుర్గాంబ దీపం పెట్టి హాల్లోనే కూర్చుని ఉంది.

"వెళ్ళొచ్చావా వేమూరు?" అంది.

"రేపల్లె వెళ్ళొచ్చానండీ."

"తెలుసు! వాడి చొక్కాలకి ఆ వాసన తగిలిన రోజే తెలిసింది!" అంది దుర్గాంబ. "ఇరవయ్యేళ్ళు పీల్చాను ఆ వాసన! ప్రతి శనివారం! స్కూలు సముద్రం పక్కనే దుర్గా, గాలికి పట్టేస్తుందోయ్ అంటే పిచ్చిదాన్ని నమ్మాను… కుంకుడు రసం పోసి పోసి ఉతికాను! మొగుణ్ణి ఎటూ పంచుకుంది. ఇప్పుడు కొడుకునీ తీసుకుందా? ఏమిరా, అమ్మ చచ్చిపోయేదాకైనా ఆగలేకపోయావా? కోడల్ని కూడా తీసుకెళ్ళి చూపించావా? ఇంక నాకు ఎవరు మిగిలారురా!"

కృష్ణచైతన్య తల వంచుకుని నిలబడ్డాడు. మైథిలి అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుంది. క్షమించమని అడగలేదు. సర్దుకుపొమ్మనీ అనలేదు. అలా అనే హక్కు తనకి లేదని ఆమెకి తెలుసు.

"అత్తయ్యా… ఆ అబ్బాయి పోయాడండీ."

"ఎవరు?"

"ప్రేమ్‌కుమార్. పరాయి దేశంలో. తల్లి ఆఖరి చూపు కూడా చూసుకోలేదు."

దుర్గాంబ మొహంలోంచి కోపమంతా ఎవరో తుడిచేసినట్టు పోయింది. ఎక్కడో దూరంగా చూస్తూ అంది. "ఆ పిల్లాడా?… ఆ రోజు వీధిలో నిలబెట్టేశాను కదే వాణ్ణి. మిట్టమధ్యాహ్నం… కాళ్ళకి చెప్పులు లేవు… కాలుతుంటే ఒకసారి ఈ కాలూ, ఒకసారి ఆ కాలూ ఎత్తుతున్నాడు. అయినా కదల్లేదు. వాళ్ళ నాన్నని తీసుకెళ్తుంటే చూస్తూ నిలబడ్డాడు…"

లేచి పూజగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత రోజులు గడిచినా ఆ విషయం మీద నోరు విప్పలేదు. అడిగినదానికి ఔను, కాదు అనడం తప్ప మాటే లేదు. వీసా ఆఫీసులో ఒక్కొక్క కాగితం ఎందుకో ఓపికగా చెప్పి, చివరికి ఇద్దరికీ వీసాలు తెచ్చుకుని మైథిలి సంతోషంగా వచ్చి చెప్పినా "ఊఁ" అని ఊరుకుంది. ఆ మౌనం చూసి మైథిలికి మళ్ళీ అనుమానమే! 'అత్తయ్య మనసులో ఏముంది? నేను తిరిగొచ్చేసరికి ఈ ఇంట్లో నాకు చోటుంటుందా?' బయల్దేరే రోజు దణ్ణం పెడితే దుర్గాంబ తల మీద చెయ్యి వేసింది. దీవెన మాత్రం పైకి వినిపించలేదు.

నవంబరులో ఆ తీరం ప్రకటనలో చెప్పినట్టే ఉంది. ఎండ మెత్తగా ఉంది. పసుపు కొండల కింద పొడవాటి ఇసుక. సీజన్ కాదు గనక హోటల్ సగం ఖాళీ. చలిదేశాల నుంచి చవగ్గా ఎండ వెతుక్కుంటూ వచ్చిన ముసలి జంటలు కుర్చీల్లో కళ్ళు మూసుకుని పడుకున్నారు. వాళ్ళ మధ్య నుంచి నేతచీర కట్టుకుని, కొంగు బిగించి నడిచిపోతున్న చంద్రకళని చూసి ఒకావిడ నవ్వి పలకరించింది. ఈవిడ కూడా తమలాగే సెలవులు గడపడానికి వచ్చిందనుకుని ఉంటుంది పాపం!

తెల్లసున్నం వేసిన గోడల మధ్య ఆ శ్మశానం ఎంతో శుభ్రంగా ఉంది. ప్రేమ్‌కుమార్‌తో పనిచేసిన ఒకతను వచ్చి దారి చూపించాడు. చిన్న చెక్క పలకమీద పేరు. చంద్రకళ ఏడవలేదు. పలకని చేత్తో తుడిచింది. మొలిచిన గడ్డిని ఒక్కొక్క పోచా పీకింది. "సన్నబడ్డావేమో అనుకున్నా నాయనా… అమ్మొచ్చింది…" అని మెల్లగా మాట్లాడుతూ మట్టిని నిమురుతూ కూర్చుంది. ఆ తల్లి కళ్ళు పొడిగా ఉండటం చూసి మైథిలికి భయమేసింది. ఏడిస్తే బాగుండును, ఈ దుఃఖం లోపలే ఉండిపోతే మనిషేమవుతుందో!

సాయంత్రం ఇద్దరూ ఇసుకలో కూర్చున్నారు. చంద్రకళ అలలకేసి చూస్తూ, "మన సముద్రంలా లేదమ్మా ఇది. చల్లగా ఉంది. వాడికి చలి పడదు" అంది. అంతలో మైథిలి ఫోన్ మోగింది. తెనాలి నుంచి!

"అత్తయ్యా!"

ఏం అనబోతోంది? ఏం జరిగింది?

"చూశారా?" అంది దుర్గాంబ.

"చూశామండీ."

"ఆవిడ… ఉందా పక్కన? ఆవిడకివ్వు."

మైథిలి ఫోన్ అందించింది. స్పీకరు పెట్టింది. చంద్రకళ దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"చంద్రకళా…" అంది దుర్గాంబ. "తిరిగొచ్చేటప్పుడు తిన్నగా రేపల్లె వెళ్ళిపోకు. తెనాలిలో దిగు. వాడి పేరు మీద ఇక్కడ నలుగురికి భోజనం పెడదాం. నువ్వు కూడా ఉండాలి కదా."

"అక్కయ్యా!…"

అంతే అనగలిగింది చంద్రకళ. ఫోన్ ఒళ్ళోకి జారిపోయింది. మైథిలి భుజం మీద తల వాల్చి, కొడుకు పోయిన కబురు విన్న రోజు నుంచీ లోపల దాచుకున్నదంతా బయటికి వచ్చేలా ఏడ్చింది. అవతల తెనాలిలో దుర్గాంబ ఏమీ మాట్లాడలేదు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. ఆ ఏడుపు ఆగేదాకా వింటూనే ఉంది.